స్వరమునకు అచ్చు

త్యాగరాజకృతిని స్వరసహితముగ అచ్చులో చూచునపుడు, అందులకు వెల ఎవరు చెల్లించిరో మనము తలపము. మదరాసు సెక్రటేరియట్ ఉద్యోగి ఎ. ఎం. చిన్నస్వామి మొదలియారు 1893లో మన కృతులను పాశ్చాత్యుల ఐదు గీతల లిపిలోనికి మార్చి, సొంత సొమ్ముతో ప్రకటింపసాగెను. అది సులభమా? మన స్వరము ఊగును. ఆ లిపి దానిని ఒకచోట నిలుపును. తోడి రాగమును ఒక్కమారు విన్నవారికి వేరుగ చెప్పనక్కరలేదు. ఆయన ఆస్తి కరగెను, ఆరోగ్యము చెడెను. ఐనను ఆ సాహసము వ్యర్థమనుటకు మాకు మనసొప్పదు. ఏలయన, సుబ్బరామ దీక్షితుల విద్యను అచ్చొత్తింపుడని తిరునెల్వేలి సీమలోని ఎట్టయపురపు ప్రభువును వేడినవాడును ఆయనయే. 1904లో ఆ సంస్థానపు వ్యయముతో, తెలుగు లిపిలో వెలువడిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో ఊగు స్వరములకు, జారు స్వరములకు వేర్వేరు గుర్తులు గలవు.