లష్కరు బైలాలు: సికింద్రాబాదు దండునుండి సైబరాబాదు వరకు

హైదరాబాదు రాజ్యమున ఆంగ్లేయుల అధికారమునకు లోబడియుండిన సికింద్రాబాదు కంటోన్మెంటులో వీధుల మర్యాదను, అంగళ్ల వర్తకమును, పారిశుద్ధ్యమును, జనసమ్మర్దమును కట్టడిచేయుటకై స్థానికాధికారులు ఏర్పరచిన చిన్న శాసనములను ఉపనిబంధనలనియు, వాడుకలో బైలాలనియు అందురు. శాసనసభ చేసిన మూలచట్టము ప్రసాదించిన అధికారమునకు లోబడి, ముందుగా ప్రకటింపబడి, పై ప్రభుత్వపు ఆమోదము పొంది, ఒక్క ఊరి ఎల్లలలో మాత్రమే చెల్లుబడి యగుట వీని లక్షణము. ఎల్ల దాటిన బైలాకు ప్రాణము లేదు. కొద్ది మైళ్ల వ్యాసములో నిజాము నగరము, బ్రిటిషు రెసిడెంటు క్రింది రెసిడెన్సీ బజార్లు, లష్కరనబడు ఈ కంటోన్మెంటు, నిజాము సామంతులగు పైగా ప్రభువుల జాగీర్లు అను వేర్వేరు అధికారసీమలు ఒకదాని నొకటి ఒరసికొనియుండిన ఈ ప్రదేశమున వర్తకుని స్వాతంత్ర్యము అతని వర్తకమును బట్టిగాక, అతని దుకాణము ఏ ఎల్లకు ఈవల నున్నదో, ఆవల నున్నదో దానిని బట్టి నిర్ణయమగుచుండెను.

1798లో నిజాము ఈస్టిండియా కంపెనీతో చేసికొన్న సైన్యసహకార సంధి ఫలితముగా కంపెనీ పటాలములు హుసేనుసాగరమునకు ఉత్తరమున విడిసినవి. 1806లో ఆ విడిదికి మూడవ నిజామగు సికిందర్ జా పేరిట సికింద్రాబాదను నామ మేర్పడెను. ప్రజలు మాత్రము దానిని నేటికిని లష్కరనియే పిలుతురు. పటాలము వెంట బియ్యపు వర్తకుడు, దర్జీ, చాకలి, సారా కాంట్రాక్టరు, డోలీ మోయువాడు వచ్చిరి. జనరల్ బజారు, మోండా మార్కెట్టు, రాణీగంజి ఈ జనముతో పెరిగినవే. ఇచటి ఉజ్జయినీ మహాకాళి దేవాలయమును స్థాపించినవాడు పటాలములో డోలీ మోసిన ఉద్యోగి యని ఐతిహ్యము.

న్యాయశాస్త్రరీత్యా ఈ ఊరొక వింత. నేల నిజామునది, పాలన ఆంగ్లేయులది. బ్రిటిషు ఇండియా చట్టము ఏదియు తనంతట తాను ఇక్కడ చెల్లదు. విదేశీయాధికార ఉత్తరువుల క్రింద గవర్నరు జనరలు ప్రకటన గావించి, అవసరమైన మార్పులు చేసి, ఫలానా చట్టము సికింద్రాబాదునకు వర్తించునని చెప్పినపుడే అది ఇక్కడ చట్టమగును. కావున 1889 నాటి కంటోన్మెంటుల చట్టముగాని, 1899 నాటి కంటోన్మెంటు కోడుగాని, 1924 నాటి చట్టముగాని మరియొకచోట పుట్టి ఇచటికి ప్రకటనద్వారా దిగుమతియైనవే. వానిని ఆధారము చేసికొని పుట్టిన బైలాలు మాత్రము ఈ వీధులకే చెందినవి.

1924 నాటి చట్టములో లైసెన్సు లేనిదే చేయరాని వృత్తుల పట్టిక యొకటి కలదు. దానిని నిదానముగా చదివినవానికి ఆనాటి దండు బజారు కన్నులకు గట్టును. కసాయివారు, కోళ్లు చేపలు అమ్మువారు, పందులను పెంచువారు, పాడిపశువులను లాభమునకై కట్టుకొన్నవారు, పాలు వెన్న నెయ్యి అమ్మువారు, రొట్టెలు బిస్కత్తులు చేయువారు, పండ్లు కూరగాయలు పెట్టుకొన్నవారు, సోడానీళ్లు మంచుగడ్డలు ఐస్‌క్రీము తయారుచేయువారు, త్రాగునీరు అమ్మువారు, చాకళ్లు, గడ్డి కట్టెలు బొగ్గుల వర్తకులు, బాణసంచా కిరసనాయిలు వర్తకులు, తోళ్లు పదునుపెట్టువారు, అద్దకపువారు, ధాన్యము పిండి అమ్మువారు, మిఠాయివారు, క్షురకులు: ఇందరును కంటోన్మెంటు బోర్డు చీటి లేనిదే కడుపు నింపుకొనరాదు. సోడాబుడ్డికిని, చాకిరేవునకును ఇంతటి ప్రాధాన్యమేల యనగా, కలరా, సన్నిపాత జ్వరము బ్యారకులలోనికి పాలచెంబుతో, మురికి నీటితో ప్రవేశించునను భయము సైనిక వైద్యులను వెంటాడుచుండుటయే కారణము. 1897 ఆగస్టు 20వ తేదీన సైనిక వైద్యుడగు రోనాల్డ్ రాసు మలేరియా క్రిమిని దోమ కడుపులో కనుగొన్నది ఇక్కడికి కూతవేటు దూరములోని బేగంపేటలోనే. నిలువనీటిపై దండుబోర్డులు చూపిన కాఠిన్యమునకు శాస్త్రపు దన్ను అప్పటినుండి దొరకినది.

ఈ పట్టికలో నవ్వు పుట్టించు అంశమొకటి కలదు. భారతదేశమున తయారైన రొట్టెలను, బిస్కత్తులను అమ్మువాడు లైసెన్సు పొందవలెను. సీమనుండి రేకుడబ్బాలలో దిగిన బిస్కత్తులను అమ్ముకొనువాడు ఆ పద్దులోనికి రాడు. పందిమాంసము విషయములోను అదే భేదము. పారిశుద్ధ్యమనునది ఎంతమేరకు వైద్యము, ఎంతమేరకు అపనమ్మకము అను ప్రశ్నకు ఇంతకంటె సూటియైన సమాధానము నివేదికలలో దొరకదు. ఐనను వర్తకుని పక్షమున ఒక మాట చెప్పవలెను: లైసెన్సు సంవత్సరాంతము వరకు చెల్లును, ఆ వ్యాపారము ప్రజలకు హానికరమో అసహ్యకరమో యగునని నమ్ముటకు కారణముండిన గాని బోర్డు దానిని నిరాకరింపరాదని చట్టమే పలుకుచున్నది.

శాంతిభద్రతల విషయములో అంతటి కనికరము లేదు. సైనికునకు అనుమతి లేక సారాయి అమ్మినవాడు నేరస్థుడు. అల్లరిమూకలుగా తలపబడినవారిని, రాజద్రోహులుగా శంకింపబడినవారిని, వేశ్యాగృహములు నడపువారిని దండు ఎల్లలనుండి వెడలగొట్టి మరల రాకుండ నిషేధించు అధికారము ప్రత్యేకాధ్యాయముగా వ్రాయబడెను. నగరములో జరిమానాతో పోవు తప్పిదమునకు ఇక్కడ ఊరే పోవును. మొదటి దశలో కంటోన్మెంటు మేజిస్ట్రేటే కంటోన్మెంటు సంఘమునకు కార్యదర్శి. అనగా కట్టడిని అమలుజరుపువాడును, దానిని మీరినవానిని విచారించువాడును ఒక్కడే. 1924 చట్టము ఈ ముడిని విప్పి, ఎన్నికైన సభ్యులకు బోర్డులో చోటిచ్చి, కార్యనిర్వహణాధికారిని వేరుచేసెను. ఆ సంస్కరణలలో విలువైనది ఇదియేయని చెప్పవచ్చును.

ఎల్లకు ఆవల నిజాము నగరము తన కట్టడులను తాను తీర్చుకొనుచుండెను. 1869లో నిజాము దివానగు మొదటి సాలార్‌జంగు నగరమునకును, చాదర్‌ఘాటునకును పురపాలన వ్యవస్థ కల్పించెను. 1886లో చాదర్‌ఘాటు ప్రత్యేక మునిసిపాలిటీ యయ్యెను. 1933లో రెండును కలిసినవి. అదే సంవత్సరమున రెసిడెన్సీ బజార్లు నిజామునకు తిరిగివచ్చి సుల్తానుబజారు అను పేరు దాల్చినవి. అంతకుముందు ఆ బజార్లు రెసిడెంటు అధికారములో నుండినందున, నిజాము పోలీసు అధిపతియగు కొత్వాలు చేయి అచటికి చాచబడదను ధైర్యముతో సాహుకార్లు, వకీళ్లు, పత్రికా ప్రియులు అచట గుమిగూడిరి. దండులో బ్రిటిషు కల్దారు రూపాయి, నగరములో నిజాము హాలీ సిక్కా. ఆరు కల్దారులు ఏడు సిక్కాలకు సమానము గనుక మోండాలో సరకు కొని నగరములో అమ్ముకొను చిల్లరవర్తకుడు వీధి దాటినప్పుడెల్ల మనస్సులోనే లెక్క కట్టుకొనవలసి యుండెను.

సభల విషయములో నిజాము ప్రభుత్వము దండుకంటె ఉదారమేమియు కాదు. ముందస్తు అనుమతి లేనిదే సభ జరుపరాదన్న గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువు తెలంగాణములో గ్రంథాలయ వార్షికోత్సవమునకు సైతము అడ్డుగోడయై నిలిచెను. 1930లో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను జోగిపేటలో ప్రథమాంధ్ర మహాసభ జరిగినప్పుడు కార్యకర్తల శ్రమలో గొప్పభాగము అనుమతి సంపాదించుటకే వ్యయమయ్యెను. 1920 నుండి 1934 వరకు నగర కొత్వాలుగా నుండిన రాజాబహదూరు వేంకటరామారెడ్డిగారు విద్యార్థి వసతిగృహమునకును, బాలికా విద్యకును అండగా నిలిచిన ఉదారులు. కట్టడి మాత్రము ఆయన కాలములోను కట్టడియే. ఆ పిమ్మట నిజాము రాజ్యపు ఫసలీ శకము 1348లో వెలువడిన హైదరాబాదు నగర పోలీసు చట్టము ఊరేగింపులు, సభలు, ఆయుధధారణ, వినోదశాలలు, వీధి రద్దీలపై కమీషనరు నిబంధనలు చేయు అధికారమును ఒక్కచోట కూర్చెను.

తెలుగుదేశపు తీరప్రాంతములో కథ వేరు. అచట 1865 నుండి మద్రాసు పురపాలక చట్టములు, 1889 నుండి పట్టణ ఉపద్రవముల చట్టము సూటిగా అమలులో నుండెను. నిరసనయు సూటిగానే వచ్చెను: చీరాల పేరాలలను మునిసిపాలిటీగా మార్చి పన్నులు వేసినందులకు 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ప్రజలు ఊరు విడిచి, రామనగరమను పేర కుటీరములు కట్టుకొని నెలల తరబడి నిలిచిరి. ఎల్ల వెలుపలికి పోయిన కట్టడి వెంటరాదను సూత్రమును ఉద్యమముగా మలచిన ఘనత వారిది. లష్కరు వర్తకునకు ఆ మార్గము లేదు. ఎల్ల దాటినచో నిజాము కట్టడి ఎదురుచూచుచుండెను.

1945లో సికింద్రాబాదు పౌరప్రాంతము నిజామునకు తిరిగి అప్పగింపబడి మునిసిపాలిటీ యయ్యెను. తిరుమలగిరి, బొల్లారము మున్నగు భాగములు కంటోన్మెంటుగానే నిలిచినవి. 1960లో సికింద్రాబాదు నగరపాలనము హైదరాబాదులో విలీనమయ్యెను. 1955 నాటి నగరపాలక చట్టమే, పేరు మారి, నేటి మహానగర పాలకసంస్థకు ఆధారము. పాత శాసనములు రాజ్యములతో పాటు అంతరించునని తలచుట పొరపాటు. హిజ్రాలు తమ పేర్లు నమోదు చేయించుకొనవలెనని శాసించిన 1329 ఫసలీ నాటి నిజాము చట్టమును తెలంగాణ ఉన్నత న్యాయస్థానము 2023లో గాని కొట్టివేయలేదు. సభల కట్టడి సంగతియు అట్టిదే: వీధిలో సభకు అనుమతి నిచ్చుటకును, ఈయకుండుటకును పోలీసులకు గల అధికారమునకు హద్దు ఉండవలెనని 1972లో హిమ్మత్‌లాల్ షా కేసులో సర్వోన్నత న్యాయస్థానపు రాజ్యాంగ ధర్మాసనము అహమదాబాదు నిబంధనను కొట్టివేయుచు తీర్పు చెప్పెను. ఐనను అనుమతి పద్ధతి సమసిపోలేదు, కారణము చూపవలసిన బాధ్యత మాత్రము హెచ్చెను.

ఇక పడమటి దిక్కు. నేటి హైటెక్ సిటీ వెలసిన నేల ఒకప్పుడు నగరపు ఎల్లకు వెలుపలిది. రాయదుర్గములో కొంతభాగము నేటికిని రెవిన్యూ దస్తావేజులలో రాయదుర్గము పైగా యని వ్రాయబడుచున్నది. పైగా ప్రభువులు తమ జాగీర్లలో తామే పాలనము నడపుకొనెడివారు. 1949లో జాగీర్ల రద్దుతో ఆ ఎల్ల చెరిగిపోయెను. 1998లో మాదాపూరున సైబర్ టవర్సు ప్రారంభోత్సవముతో సైబరాబాదను నూతన పట్టణమునకు నాంది యయ్యెను. 2001లో సైబరాబాదు అభివృద్ధి సంస్థ, 2003లో సైబరాబాదు పోలీసు కమీషనరేటు ఏర్పడినవి. ఆ మరుసటి సంవత్సరమున ఈ పోలీసు ప్రాంతమునకు వేరొక చట్టమును చేయగా, అది నిజాము నాటి నగర పోలీసు చట్టముతో కలిపి చదువబడుచున్నది. గాజు మేడల నడుమ సభపై నిషేధముగాని, ఊరేగింపు దారిగాని ప్రకటింపబడినప్పుడు ఆ ఉత్తరువు పీఠికలో ఫసలీ సంవత్సరము తొంగిచూచుట ఇందువలననే. లష్కరునకు కంటోన్మెంటు చట్టము దిగుమతియైనట్లే ఇచటికి కొత్వాలీ చట్టము దిగుమతి యయ్యెను.

ఎల్లల మాయయు మరల వచ్చినది. పారిశ్రామిక వాడలలో మౌలిక సదుపాయముల సంస్థయే స్థానికాధికారియై పన్నులు వసూలు చేసి భవనములకు అనుమతి నిచ్చు ఏర్పాటు కలదు. ప్రక్క వీధిలో నగరపాలక సంస్థ. దుకాణములు, సంస్థల చట్టము 1988లో పనివేళలను, స్త్రీల రాత్రి ఉద్యోగమును కట్టడి చేయగా, సాఫ్ట్‌వేరు సంస్థలకు రవాణా, రక్షణ కల్పించవలెనను షరతుపై ఆ నిబంధనలనుండి మినహాయింపు లభించుచున్నది. మేడలో రాత్రి రెండుగంటలకు పని సక్రమము. మేడ క్రింద అదే వేళ చాయ్ బండి పెట్టినవానిపై పెట్టీ కేసు. 2023లో షరతులతో దుకాణములను ఇరువదినాలుగు గంటలు తెరచుటకు ప్రభుత్వము అనుమతించినను, బండివాని స్థితి అంతగా మారలేదు, ఏలయన అతని చిక్కు వేళది కాదు, చోటుది.

ఆ చిక్కు 2024 జనవరిలో బాహాటమైనది. మాదాపూరు ప్రాంతమున ఒక స్త్రీ నడపుచుండిన భోజనపు బండి సామాజిక మాధ్యమములలో ప్రసిద్ధికెక్కగా, మధ్యాహ్నవేళ అన్నము, మాంసపు కూరల పళ్లెములకై ఉద్యోగులు బారులు తీరి, వాహనములు నిలిచిపోవ, రద్దీ కారణముగా ట్రాఫిక్ పోలీసులు దానిని తీయించిరి. జనము గగ్గోలుపెట్టగా ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి జోక్యముతో అది యథాస్థానమున కొనసాగెను. బండి నిలుచుటకు సంతోషింపవచ్చును గాని, పద్ధతి దృష్ట్యా ఇది బలహీనమైన పరిష్కారము. 2014 నాటి వీధి విక్రేతల చట్టము పట్టణ విక్రయ సంఘములను, సర్వేను, గుర్తింపు పత్రమును, విక్రయ మండలములను విధించుచున్నది. ఆ సర్వే పూర్తిగాక తొలగింపు కూడదనియు పలుకుచున్నది. ముఖ్యమంత్రి దయ ఒక బండికే. ఆ చట్టము అమలైనచో ప్రక్కనున్న పేరులేని బండ్లకును చోటు దక్కును.

లష్కరులో మిగిలిన కంటోన్మెంటు నేడు 2006 నాటి చట్టము క్రింద నడచుచున్నది. బోర్డు బైలాలు చేయవలెనన్న కేంద్రప్రభుత్వపు ఆమోదము నేటికిని ఆవశ్యకము. సైనికాధికారులు మూసిన దారులపై పరిసరవాసుల వివాదము ఏండ్ల తరబడి సాగి, 2018లో రక్షణశాఖ ఉత్తరువుతో కొన్ని తెరచుకొనినవి. పౌరనివాస ప్రాంతములను కంటోన్మెంటునుండి విడదీసి మహానగర పాలకసంస్థలో కలుపవలెనను ప్రతిపాదనయు విచారణలో నున్నది. అది నెరవేరిన దినమున ఆ వీధులలోని పాలవాడును, మిఠాయివాడును బోర్డు చీటిని ప్రక్కనబెట్టి పాలకసంస్థ ట్రేడు లైసెన్సుకై దరఖాస్తు పెట్టుకొనవలసియుండును.