ముహమ్మద్ అలీ: తీర్పు కంటే ముందే పడిన శిక్ష

ముహమ్మద్ అలీ అనగానే మనకు గుర్తొచ్చేది బాక్సింగ్. మూడుసార్లు ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడని జనరల్ నాలెడ్జి పుస్తకాల్లో చదువుకుంటాం. అతని మీద ఒక క్రిమినల్ కేసు నడిచిందని, కోర్టు ఐదేళ్ళ జైలుశిక్ష వేసిందని, ఆ గొడవలో మూడున్నరేళ్ళ పాటు పోటీలకు దూరమయ్యాడని మాత్రం మనలో చాలామందికి తెలియదు. చివరికి అమెరికా సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసింది.

మా క్లాసులో ఈ సంగతి మాట్లాడుకుంటూ ఉంటే ఒక ప్రశ్న వచ్చింది. "కోర్టు కొట్టేసింది కదా, ఆ కేసులో శిక్ష అనుభవించడానికి జైలుకు కూడా పోలేదు కదా, ఇంక అతనికి జరిగిన నష్టమేమిటి?" మంచి ప్రశ్నే. జరిగినవన్నీ తేదీల వరసలో పెట్టి చూస్తే దానికి జవాబు దొరుకుతుంది.

ఛాంపియన్ అయ్యేదాకా

అలీ 1942 జనవరి 17న అమెరికాలోని కెంటకీ రాష్ట్రం, లూయీవిల్ నగరంలో పుట్టాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు కాషియస్ క్లే. తండ్రి దుకాణాలకు బోర్డులు రాసే పెయింటరు. అది నల్లవాళ్ళకు, తెల్లవాళ్ళకు బడులు, హోటళ్ళు వేరువేరుగా ఉన్న కాలం. 12 ఏళ్ళప్పుడు అతని సైకిల్ ఎవరో ఎత్తుకుపోయారు. దొంగను చితక్కొడతానని ఏడుస్తూ ఫిర్యాదు చేస్తే, అది విన్న పోలీసు అధికారి జో మార్టిన్ ముందు కొట్టడం నేర్చుకోమన్నాడు. ఆయనే మొదటి గురువు అయ్యాడు.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో 18 ఏళ్ళకే బంగారు పతకం వచ్చింది. 1964 ఫిబ్రవరి 25న సోనీ లిస్టన్‌ను ఓడించి 22 ఏళ్ళకు ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఆ వెంటనే తాను ఇస్లాం మతంలో ఉన్నానని ప్రకటించి, ముహమ్మద్ అలీ అని పేరు మార్చుకున్నాడు. ఈ పేరును చాలా పత్రికలు ఏళ్ళ తరబడి ఒప్పుకోలేదు. సుప్రీంకోర్టు కేసు కూడా క్లే పేరుతోనే నడిచింది.

ఒక్క అడుగు

అప్పుడు వియత్నాం యుద్ధం జరుగుతోంది. అమెరికాలో నిర్బంధ సైనిక భర్తీ ఉండేది. అంటే ప్రభుత్వం పిలిస్తే యువకులు సైన్యంలో చేరి తీరాలన్నమాట. కాలేజీలో చదువుతున్నవాళ్ళకు వాయిదా దొరికేది కాబట్టి పేదింటి పిల్లల మీదే ఎక్కువ భారం పడింది. 1964లో సైన్యం పెట్టిన రాతపరీక్షలో అలీకి తక్కువ మార్కులు వచ్చాయి, అందుకని అతన్ని వదిలేశారు. యుద్ధానికి మనుషులు చాలక 1966లో ఆ మార్కుల హద్దు తగ్గించారు. దాంతో అలీ అర్హుల జాబితాలోకి వచ్చాడు.

తన మతవిశ్వాసం ప్రకారం ఈ యుద్ధంలో పాల్గొనలేనని అలీ అర్జీ పెట్టుకున్నాడు. అలా అడిగే హక్కు అక్కడి చట్టంలోనే ఉంది. అర్జీని విచారించిన రిటైర్డ్ జడ్జి, ఇతను నిజాయితీగానే చెబుతున్నాడు, ఒప్పుకోవచ్చు అని రాశాడు. ప్రభుత్వ న్యాయశాఖ మాత్రం ఒప్పుకోవద్దని సలహా ఇచ్చింది. అప్పీలు బోర్డు అర్జీని తోసిపుచ్చింది. ఎందుకు తోసిపుచ్చిందో కారణం ఒక్క ముక్క కూడా రాయలేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, చివర్లో కేసు మొత్తం దీని మీదే తిరుగుతుంది.

1967 ఏప్రిల్ 28న హ్యూస్టన్ నగరంలోని సైనిక భర్తీ కేంద్రంలో అలీ పేరు పిలిచారు. పేరు పిలిస్తే ఒక అడుగు ముందుకు వెయ్యాలి. ఆ అడుగు వేస్తే సైన్యంలో చేరినట్టే. అలీ కదలలేదు. మళ్ళీ పిలిచినా కదలలేదు.

అలీ చేసింది తప్పని అప్పట్లో చాలామంది అనుకున్నారు. కొడుకులను యుద్ధానికి పంపిన తల్లిదండ్రులకు కోపం రావడంలో వింత లేదు. అంతకుముందు ఛాంపియన్ జో లూయీస్ రెండో ప్రపంచయుద్ధంలో సైన్యంలో చేరి, సైనికుల కోసం ప్రదర్శన పోటీలు ఆడాడు. అలీ కూడా అలా చేస్తే సుఖంగా గడిచిపోయేదని చెప్పినవాళ్ళున్నారు. అతను ఆ దారి పట్టలేదు.

ముందు ఏది, వెనుక ఏది?

ఇప్పుడు తేదీలు చూద్దాం. అలీ అడుగు వేయనన్నది ఏప్రిల్ 28న. అదే రోజు న్యూయార్క్ రాష్ట్ర క్రీడా కమిషన్ అతని బాక్సింగ్ లైసెన్సును సస్పెండ్ చేసింది. ప్రపంచ బాక్సింగ్ సంఘం టైటిల్ లాగేసుకుంది. మిగతా రాష్ట్రాలూ అదే దారి పట్టాయి. కోర్టులో శిక్ష పడింది జూన్ 20న. తెల్లవాళ్ళే ఉన్న జ్యూరీ 21 నిమిషాల్లో దోషి అని తేల్చింది. జడ్జి ఐదేళ్ళ జైలు, 10,000 డాలర్ల జరిమానా విధించాడు. అంటే నేరం రుజువు కావడానికి దాదాపు రెండు నెలల ముందే అతని వృత్తి పోయింది!

అప్పీలు వేసుకుని అలీ బెయిలు మీద బయటే ఉన్నాడు. కానీ అమెరికాలో బాక్సింగ్ ఆడాలంటే ఆయా రాష్ట్రాల కమిషన్లు లైసెన్సు ఇవ్వాలి. ఎవరూ ఇవ్వలేదు. పోనీ వేరే దేశం వెళ్ళి ఆడదామంటే కోర్టు పాస్‌పోర్టు తీసేసుకుంది. జైలు గోడలు లేవన్న మాటే గానీ, బాక్సరుగా అతనికి అన్ని తలుపులూ మూసుకుపోయాయి. కాలేజీలు తిరిగి డబ్బు తీసుకుని ఉపన్యాసాలిచ్చి బతికాడు. బ్రాడ్‌వేలో ఒక సంగీత నాటకంలో వేషం కూడా వేశాడు. అది కొద్దిరోజులకే ఆగిపోయింది.

1967 మార్చి 22న జోరా ఫోలీని ఓడించేటప్పటికి అలీ వయసు 25. అప్పటికి ఆడిన 29 పోటీల్లో 29 గెలిచాడు. మళ్ళీ పోటీకి దిగింది 1970 అక్టోబర్ 26న, జెర్రీ క్వారీ మీద, అట్లాంటాలో. అది ఎలా సాధ్యమైందంటే, జార్జియా రాష్ట్రానికి అసలు క్రీడా కమిషనే లేదు! అందుకని నగరమే అనుమతి ఇవ్వగలిగింది. గవర్నరు వద్దన్నా పోటీ జరిగింది.

అంతకు కొద్దిగా ముందు, 1970 సెప్టెంబరులో, న్యూయార్క్ కమిషన్ మీద వేసిన కేసులో కూడా అలీ గెలిచాడు. శిక్ష పడినవాడికి లైసెన్సు ఇవ్వకూడదన్నది కమిషన్ వాదన. అలీ లాయర్లు ఆ కమిషన్ రికార్డులే బయటికి తీశారు. నేరాలు రుజువైనవాళ్ళకు కమిషన్ లైసెన్సులిచ్చిన సందర్భాలు తక్కువలో తక్కువ 244 తేలాయి. వాళ్ళలో దొంగతనాలు చేసినవాళ్ళు, సైన్యం నుంచి పారిపోయినవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళందరికీ లేని అడ్డు ఒక్క అలీకే ఎందుకని జడ్జి అడిగి, లైసెన్సు ఇమ్మని ఆదేశించాడు. కమిషన్‌కు కష్టం కలిగించింది నేరం కాదని దీన్ని బట్టి మనకు అర్థమవుతుంది.

సుప్రీంకోర్టు ఏమంది?

1971 మార్చి 8న న్యూయార్క్‌లో జో ఫ్రేజియర్‌తో 15 రౌండ్ల పోటీలో అలీ మొదటిసారి ఓడిపోయాడు. అప్పటికింకా ఐదేళ్ళ జైలు నెత్తిమీద వేలాడుతూనే ఉంది. ఆ ఏడాదే జూన్ 28న సుప్రీంకోర్టు 8–0తో శిక్షను రద్దు చేసింది. తొమ్మిదో న్యాయమూర్తి తర్‌గుడ్ మార్షల్ అంతకుముందు ప్రభుత్వ న్యాయాధికారిగా ఉన్నందువల్ల ఈ కేసు నుంచి తప్పుకున్నాడు.

కోర్టు చూసిన లెక్క ఇది. యుద్ధం వద్దని అర్జీ పెట్టుకున్నవాడు మూడు షరతులు నెరవేర్చాలి. ఏ యుద్ధమైనా తప్పే అనాలి, అది మతవిశ్వాసం నుంచి వచ్చి ఉండాలి, నిజాయితీగా చెప్పాలి. అలీ మూడింటిలోనూ తప్పాడని న్యాయశాఖ అప్పట్లో బోర్డుకు చెప్పింది. సుప్రీంకోర్టుకు వచ్చేసరికి రెండో మూడో షరతుల విషయంలో ఆ వాదనను ప్రభుత్వమే వదులుకుంది. మరి బోర్డు దేన్ని పట్టుకుని కాదన్నది? కారణం రాయలేదు కాబట్టి తెలిసే దారి లేదు. తప్పుడు సలహా మీద నిర్ణయం జరిగి ఉండవచ్చు గనక శిక్ష నిలవదు అని కోర్టు తేల్చింది. యుద్ధం తప్పా ఒప్పా అన్న జోలికి కోర్టు పోలేదు. ఒక మనిషికి కాదని చెప్పేటప్పుడు ఎందుకో రాయకపోతే ఎంత అన్యాయం జరగవచ్చో ఈ కేసు చూపిస్తుంది.

తిరిగి వచ్చింది, రానిది

1974 అక్టోబర్ 30న కిన్షాసాలో జార్జ్ ఫోర్‌మన్‌ను ఎనిమిదో రౌండులో పడగొట్టి అలీ టైటిల్ తిరిగి గెలుచుకున్నాడు. 1978లో మూడోసారి గెలిచాడు. 1980లో మద్రాసుకు కూడా వచ్చి ప్రదర్శన పోటీ ఆడాడు. కాబట్టి అన్నీ తిరిగి వచ్చేశాయని అనిపించవచ్చు. కానీ ఒక్క లెక్క చూడండి. అలీ మొత్తం 61 పోటీల్లో 56 గెలిచాడు, 5 ఓడాడు. ఆ ఐదు ఓటములూ నిషేధం తర్వాతివే. మొదట్లో అతని బలం కాళ్ళ వేగం, దెబ్బ తగలకుండా తప్పుకోవడం. తిరిగి వచ్చాక ఆ వేగం తగ్గింది, తాళ్ళకు ఆనుకుని దెబ్బలు ఓర్చుకునే పద్ధతి పెరిగింది. బాక్సరుకు 25 నుంచి 28 ఏళ్ళ వయసు పైరుకు అదును లాంటిది. అదును దాటాక వాన ఎంత కురిసినా ఆ పంట రాదు కదా.

శిక్ష పడిన ఆటగాళ్ళందరికీ అన్యాయమే జరిగిందని నా ఉద్దేశం కాదు. మైక్ టైసన్‌కు 1992లో అత్యాచారం కేసులో శిక్ష పడింది. ఆ శిక్ష రద్దు కాలేదు, మూడేళ్ళు జైల్లో ఉన్నాడు. 1995 మార్చిలో విడుదలై, ఏడాది తిరక్కుండానే మళ్ళీ ప్రపంచ టైటిల్ గెలిచాడు. ఒక స్త్రీకి హాని చేసి శిక్ష అనుభవించి వచ్చినవాడికి తెరిచిన తలుపు, ఎవరికీ హాని చేయకుండా యుద్ధానికి రానన్నవాడికి విచారణ కూడా కాకముందే మూసుకుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఇప్పుడు మా క్లాసు ప్రశ్నకు జవాబు చెప్పవచ్చు. కోర్టు శిక్షను కొట్టేసింది నిజమే. అలీకి అసలు నష్టం కలిగించింది మాత్రం కోర్టు శిక్ష కాదు, అంతకు ముందే లైసెన్సు రద్దు చేసిన ఆఫీసులు. వాటి నిర్ణయాలను ఏ తీర్పూ వెనక్కి తిప్పి ఆ మూడున్నరేళ్ళు తిరిగి ఇవ్వలేదు. ఎవరి మీదనైనా కేసు పెట్టారని వినగానే దోషి అని తీర్మానించేయడం మనకూ అలవాటే. విచారణ పూర్తయ్యేదాకా ఆగితే మనకు పోయేదేమీ లేదు. ఆగకపోతే అవతలివాళ్ళకు పోయేది ఒక్కోసారి మళ్ళీ రాదు.