కట్టె వంతెన దాటి కాలేజీకి

లక్డీకాపూల్ అంటే కట్టె వంతెన అని అర్థం. ఆ వంతెన ఇప్పుడు లేదు, పేరు మిగిలింది. గూడేల నుంచి, తండాల నుంచి పట్నం చదువుకు వచ్చిన మనవాళ్ళకు ఈ పేరు బాగా తెలుసు. పక్కనే మాసబ్ ట్యాంక్‌లో సంక్షేమ భవన్, గిరిజన మ్యూజియం ఉన్నాయి. ఇటు పోతే పంజగుట్ట, ఆ తర్వాత అమీర్‌పేట కోచింగ్ సెంటర్లు. సర్టిఫికెట్ల కవరు చంకలో పెట్టుకొని ఇక్కడ దిగి, దారి అడుగుతూ నడిచిన రోజులు మాలో చాలామందికి గుర్తున్నాయి. మాకంటే ముందు ఆ దారి ఎవరు వేశారో, ఎక్కడ ఇంకా తెగి ఉందో మన పిల్లలకు చెప్పాలనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

మన ప్రాంతంలో ఈ కథ మార్లవాయి దగ్గర మొదలుపెట్టాలి. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీము అమరుడయ్యాక, గోండుల స్థితిగతులు తెలుసుకునే పనిని నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్‌కు అప్పగించింది. ఆయన, ఆయన భార్య బెట్టీ మార్లవాయిలో గోండుల మధ్యనే నివాసం ఉన్నారు. 1943లో అక్కడ గోండు విద్యా పథకం, దానితో పాటు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలయ్యాయి. కాస్త చదవడం, రాయడం వచ్చిన గోండు యువకులనే వెతికి, శిక్షణ ఇచ్చి పంతుళ్ళను చేశారు. దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు తయారయ్యాయి. పిల్లవాడికి ఇంట్లో వినే మాటే బడిలో వినిపించింది, పాఠం చెప్పే మనిషి తన మనిషే అయ్యాడు. 1987లో బెట్టీ చనిపోతే ఆమెను మార్లవాయిలోనే సమాధి చేశారు. ఆ ఊరు వాళ్ళను ఎంతగా తన వాళ్ళనుకుందో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఆ దశాబ్దంలోనే స్కాలర్‌షిప్ కూడా వచ్చింది. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌లను 1944లో ముందుగా షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు మొదలుపెట్టారు. 1948లో షెడ్యూల్డ్ తెగలకు వర్తింపజేశారు. పేరులోనే ఉంది, ఇది మెట్రిక్ దాటినవాళ్ళకు. అక్కడిదాకా రాగలిగిన పిల్లలు మనలో ఎంతమంది? తెలంగాణ తండాల పిల్లల సంగతి ఇంకా కష్టం. ఆంధ్రలో లంబాడాలకు ఎస్టీ గుర్తింపు ముందే ఉన్నా, తెలంగాణలో 1976 చట్టంతోనే అది దక్కింది. ఒకే భాష, ఒకే ఆచారం ఉన్న చుట్టాల పిల్లల్లో ఒకరికి స్కాలర్‌షిప్ ఉండి ఇంకొకరికి లేని కాలం అది.

డబ్బు ఒక్కటే సరిపోదు, పిల్లలు ఉండటానికి చోటు కూడా కావాలి. 1970లలో సాంఘిక సంక్షేమ శాఖలో పనిచేసిన ఎస్.ఆర్. శంకరన్ గారు హాస్టళ్ళ మీద పెట్టిన శ్రద్ధను మన పెద్దలు ఇప్పటికీ తలచుకుంటారు. 1971లో సర్వేల్‌లో మొదలైన గురుకుల విద్య క్రమంగా విస్తరించింది. 1999లో గిరిజన గురుకులాలకు ప్రత్యేక సొసైటీ ఏర్పడింది. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక ఇంజనీరింగ్ కాలేజీ గడప కూడా మనకు అందింది. 2014 మే 25న గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ పదమూడేళ్ళ వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. సర్కారు చదువు చదివే పిల్లలను తక్కువ చేసి చూసేవాళ్ళకు అదే జవాబు.

పంతులు, పైసలు, వసతి మూడూ వచ్చాయి. అయినా పదో తరగతికీ కాలేజీకీ మధ్య దారి ఇంకా తెగే ఉంది. ఇంట్లో గోండీ, కోలామీ లేదా గోర్ బోలి, బడిలో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు. మూడో భాష దగ్గర మన పిల్లలు మౌనంగా వెనక బెంచీలోకి జరిగిపోతారు. కులం, ఆదాయం సర్టిఫికెట్లు ఎప్పుడు తీయాలో, ఎప్‌సెట్, నీట్ దరఖాస్తుకు చివరి తేదీ ఎప్పుడో చెప్పేవాళ్ళు ఇంట్లో ఉండరు. తేదీ దాటిపోయిందంటే ఒక ఏడాది పోయినట్టే. ఆ ఏడాది కూలికి పోయిన పిల్లవాడు మళ్ళీ పుస్తకం పట్టుకోవడం, ఇంట్లో కూర్చున్న ఆడపిల్ల పెళ్ళి ఆగడం అరుదు.

మా తరం ఎలా గట్టెక్కింది? ముందు వచ్చిన అన్నలు, అక్కలు దారి చూపారు. ఊరి నుంచి కొత్తగా వచ్చినవాడికి రూములో చాప పరిచారు. స్కాలర్‌షిప్ పడేదాకా మెస్ బిల్లు కట్టారు. దరఖాస్తు నింపి, లైనులో పక్కన నిలబడ్డారు. ఇంగ్లీషు పాఠాన్ని మన మాటలో విడమరిచి చెప్పారు. ఏ రికార్డులోనూ లేదు గానీ మేము అందుకున్న మొదటి స్కాలర్‌షిప్ అదే. మార్లవాయి పంతుళ్ళు చేసిన పని కూడా ఇదే.

ఈ సావనీర్ చదివే మనం చాలావరకు దాటినవాళ్ళం. ఉద్యోగాలు చేస్తున్నాం, మన పిల్లలు ప్రైవేటు బడుల్లో ఉన్నారు. మన తెగల్లోనే ఇంకా వెనక ఉన్న చెంచు, కోలాం, తోటి, కొండరెడ్డి పిల్లలను మనమూ మరిచిపోతే, ఒకప్పుడు మనల్ని మరిచినవాళ్ళకూ మనకూ తేడా ఏముంది?

అందుకే ఒక్క మాట అడుగుతున్నాం. ప్రతి ఒక్కరూ తాము చదివిన ఆశ్రమ పాఠశాలకో, సర్కారు బడికో తిరిగి వెళ్ళండి. తొమ్మిదో తరగతిలో ఒక్క పిల్లనో పిల్లవాడినో ఎంచుకొని, డిగ్రీ మొదటి ఏడాది దాటేదాకా వెంట ఉండండి. డబ్బు ఇవ్వగలిగితే ఇవ్వండి, లేకపోతే నెలకు ఒక్కసారి ఫోన్ చేసి తేదీలు గుర్తుచేయండి. కట్టె వంతెనకు ఏటా పలకలు మార్చాల్సిందే. ఈసారి మార్చే వంతు మనది.