దొరగారి మెట్లు – డాక్టరమ్మ లెక్కలు

మొన్న ఆదివారం భోజనాల దగ్గర మా ఇంట్లో చిన్న యుద్ధమే జరిగింది. మా వదినగారు అన్నం మానేసి మూడు వారాలైంది. ఆవిడ కంచంలో కూర, పప్పు, పెరుగు – అంతే. మా అమ్మాయి అన్నం మానలేదుగానీ, వడ్డించుకున్న ప్రతి గరిటెకీ సెల్‌ఫోనులో కేలరీలు రాసుకుంటుంది.

"ఒళ్ళు పెంచేది అన్నమేనే!" అంటారు వదినగారు.

"ఏది తిన్నా ఫరవాలేదత్తయ్యా, లెక్క మించకూడదు" అంటుంది మా అమ్మాయి.

తీర్పు చెప్పమని ఇద్దరూ నా వైపు చూశారు. నేనేమో గిన్నెలో మిగిలిన అన్నం వైపు చూస్తున్నాను!

చెప్పొద్దూ, ఈ తగవు మా ఇంట్లో పుట్టింది కాదు. వదినగారి తరఫున నూట అరవై ఏళ్ళ కిందటి లండన్ దొర ఒకాయనా, మా అమ్మాయి తరఫున నూరేళ్ళ కిందటి అమెరికా డాక్టరమ్మ ఒకావిడా ఎప్పుడో వాదించి పెట్టారు.

దొరగారి పేరు విలియం బాంటింగ్. అంత్యక్రియలకు ఏర్పాట్లు చేయించడం ఆయన వ్యాపారం. రాజకుటుంబంలో ఎవరైనా పోయినా ఆ ఇంటివాళ్ళకే కబురు వెళ్ళేది. 1862 నాటికి ఆయనకి 65 ఏళ్ళు. ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు, బరువు 202 పౌన్లు, అంటే దాదాపు 92 కిలోలు. వంగి బూటు తాడు కట్టుకోలేడు. మెట్లు దిగాలంటే వెనక్కి తిరిగి ఒక్కొక్కటే దిగేవాడట. పొద్దున్నే థేమ్స్ నదిలో పడవ నడిపి చూశాడు. సత్తువ పెరిగింది, దాంతోపాటు ఆకలీ పెరిగింది! ఆవిరి స్నానాలు చేశాడు, మందులు మింగాడు. బరువు కదల్లేదు.

చివరికి చెవులు సరిగా వినపడక విలియం హార్వీ అనే చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. అసలు జబ్బు చెవిలో లేదు, ఒంటి కొవ్వులో ఉందని ఆయన తేల్చాడు. రొట్టె, వెన్న, పాలు, చక్కెర, బీరు, బంగాళాదుంప – ఇవి మానమన్నాడు. మాంసం, చేపలు, తక్కిన కూరలు తినవచ్చు. ద్రాక్షసారాయి మాత్రం నిక్షేపంగా పుచ్చుకోవచ్చట! ఏడాది తిరిగేసరికి దొరగారు 46 పౌన్లు తగ్గాడు. ఆ సంతోషంతో 1863లో సొంత ఖర్చుతో చిన్న పుస్తకం అచ్చువేయించి, మొదట ఊరికే పంచిపెట్టాడు. ఇంగ్లీషులో ఆయన పేరే ఒక క్రియాపదమైపోయింది. స్వీడన్‌లో ఈనాటికీ పథ్యం చేసి బరువు తగ్గడాన్ని 'బాంటా' అంటారు. దొరగారు 81 ఏళ్ళు బతికి 1878లో కన్నుమూశాడు.

అప్పటికి తిండిని కేలరీల్లో కొలిచే అలవాటు ఇంకా రాలేదు. 1890లలో అమెరికాలో అట్వాటర్ అనే ఆచార్యుడు ఒక చిన్న గది కట్టించి, అందులో మనిషిని రోజుల తరబడి ఉంచి, తిన్న తిండీ వెలువడిన వేడీ కొలిచాడు. పిండిపదార్థమైనా మాంసకృత్తులైనా గ్రాముకి నాలుగు కేలరీలు, కొవ్వుకి తొమ్మిది అని మనం ఇప్పుడు వేసే లెక్క ఆయన చలవే.

ఆ లెక్కని వంటింట్లోకి తెచ్చింది లాస్ ఏంజెలిస్ డాక్టరమ్మ లూలూ హంట్ పీటర్స్. ఆవిడే ఒకప్పుడు 220 పౌన్ల మనిషి. 70 పౌన్లు తగ్గించుకుంది. 1918లో రాసిన పుస్తకంలో, ఇకమీదట రొట్టె ముక్క అనకండి, నూరు కేలరీల రొట్టె అనండి అని ఆడవాళ్ళకి నేర్పింది. రోజుకి 1200 దాటవద్దంది. మొదటి ప్రపంచయుద్ధం రోజులవి. మనం తగ్గించిన తిండి ఆకలిగొన్న పిల్లలకి దక్కుతుందని కూడా చెప్పింది. అప్పటినుంచీ ఎక్కువ తినడం ఒక అపరాధంలా మన మనసుల్లో కూర్చుంది. పుణ్యమా పాపమా అన్నట్టు కంచం ముందు బెదురుతున్నామంటే, దానిలో ఆవిడ వాటా కొంత లేకపోలేదు.

1972లో న్యూయార్కు డాక్టరు అట్కిన్స్ పుస్తకంతో పిండిపదార్థాలు మానే పద్ధతి మళ్ళీ పైకొచ్చింది. మరి గెలిచిందెవరు?

2009లో అమెరికాలో వెలువడిన పరిశోధనలో 811 మందిని నాలుగు జట్లు చేశారు. అందరికీ కేలరీలు తగ్గించారు. పిండిపదార్థాలు మాత్రం జట్టుకో పాళ్ళలో, నూటికి 65 నుంచి 35 వంతుల దాకా పెట్టారు. ఆరు నెలలకి సగటున ఆరు కిలోలు తగ్గారు. ఏడాది దాటాక మళ్ళీ పెరగసాగి, రెండేళ్ళకి నాలుగు కిలోల తగ్గుదల నిలిచింది. జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు! సలహా సమావేశాలకి మానకుండా వెళ్ళినవాళ్ళే ఎక్కువ తగ్గారు. 2018లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు 609 మందిని ఏడాది చూశారు. కొవ్వు తగ్గించినవారు 5.3 కిలోలు, పిండి తగ్గించినవారు 6 కిలోలు తగ్గారు. ఇదీ తేడా కాదన్నారు. ఒకే పద్ధతిలో ఒకరు బాగా తగ్గితే, ఇంకొకరు పెరిగారు కూడా.

అంటే ఏమిటన్నమాట? మనం ఏళ్ళ తరబడి విసుగు లేకుండా చేయగలిగిందే మన పద్ధతి.

మన తిండికీ లెక్కలున్నాయి. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ 1971లో వేసిన పుస్తకంలో నూరు గ్రాముల బియ్యానికి 345 కేలరీలు. అదే నూరు గ్రాముల నూనె 900! అన్నం మానేసిన వదినగారు వేపుడు రెండోసారి వడ్డించుకుంటారు. లెక్క రాసే మా అమ్మాయి పోపులో నూనె రాయడం మరిచిపోతుంది.

ఈ కథంతా చెప్పి, చివర్న అడిగాను. "వదినా, మీరు చక్కెర జబ్బుకి మాత్రలు వేసుకుంటున్నారు కదా. అన్నం మానేసిన సంగతి డాక్టరుగారికి చెప్పారా?"

ఆవిడ మాట్లాడలేదు. మాత్రలు అలాగే వేసుకుంటూ అన్నం మానేస్తే కొందరికి చక్కెర మరీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి. అంతటి దొరగారే డాక్టరు చెబితే రొట్టె మానాడు కదండీ! మర్నాడే అన్నయ్య ఆవిణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాడు. డాక్టరు మాత్రలు తగ్గించి, రాత్రి పూట మాత్రం కాస్త అన్నం తినమన్నారట.

ఇక నా సంగతి. పారేయడానికి మనసొప్పక గిన్నె అడుగున మిగిలింది నేనే తింటూంటాను. ఆ ముద్దని దొరగారూ లెక్కపెట్టలేదు, డాక్టరమ్మా లెక్కపెట్టలేదు. అందుకే సోమవారం నుంచి ఎసట్లో అరగ్లాసు బియ్యం తక్కువ పోస్తున్నాను.