హక్కా, దయా?

ఏటా డిసెంబరు 17న పెన్షనర్ల దినం జరుపుకొంటున్నాము. 1982లో ఆ రోజున, నకారా కేసులో, పెన్షన్ దయాదానం కాదు, హక్కు అని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1979 మార్చి 31కి ముందు రిటైరైనవారికి కొత్త లెక్క వర్తించదన్న షరతును రాజ్యాంగం 14వ అధికరణం కింద కొట్టివేసింది. అప్పుడు నేను కుర్ర గుమాస్తాను. ఆ పెద్దల పెన్షన్లు తిరిగి లెక్కకట్టిన చేతులివి. సర్కారుకూ హద్దు ఉంటుందని ఆ ఫైళ్ళలోనే నేర్చుకున్నాను.

2025 మార్చిలో ఫైనాన్సు బిల్లుతోపాటే పార్లమెంటు ఒక మాట చేర్చింది: రిటైరైన తేదీనిబట్టి పెన్షనర్లను వేరుచేసే అధికారం కేంద్రానికి 1972 జూన్ 1 నుంచే ఉన్నట్టు! ఇప్పటి పెన్షన్లు మారవని ఆర్థికమంత్రి సభలో చెప్పారు. సంతోషమే. కాని మంత్రిగారిది హామీ, రాజ్యాంగానిది హద్దు. హామీమీద బతకడమంటే మళ్ళీ దయమీద బతకడమే. ఈ తేడా మన పిల్లలకు చెప్పండి.