ప్రొజెక్టరు గది నేర్పిన పాఠము

జూబిలీ హిల్స్, ఫిలింనగరు ప్రాంతములలో 'స్క్రిప్టు' అన్న మాట వినబడినచో మొదట స్ఫురించునది చలనచిత్ర కథయే. నేడు ఆ మాటకు అచ్చటనే రెండవ అర్థము కూడ ఏర్పడినది. మనిషి కూర్చుండి చేయవలసిన పనిని కంప్యూటరు తనంతట తాను చేయుటకై వ్రాసిపెట్టిన ఆజ్ఞల వరుసకును స్క్రిప్టనియే పేరు. మొదటి స్క్రిప్టు కుంటుపడినచో ప్రేక్షకుడు ఆవులించును. రెండవది కుంటుపడినచో కార్యాలయమే స్తంభించును. ఈ రెండవదాని పూర్వాపరములను నేడు ముచ్చటింపదలచితిమి.

తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో విడుదలయినది. అటుపిమ్మట చాలకాలము మన చిత్రపరిశ్రమకు మద్రాసే నెలవు. 1976లో అక్కినేని నాగేశ్వరరావుగారి అన్నపూర్ణ స్టూడియో హైదరాబాదులో ప్రారంభమగుటతో ఈ రాతిగుట్టలకు సినిమా కళ వచ్చినది. అనంతరము రామానాయుడుగారి స్టూడియో ఫిలింనగరులో వెలసినది. 1998లో ఆ సమీపముననే, మాదాపురములో, సైబర్ టవర్స్ లేచినది. అనగా ఈ గుట్టలపై ఇటు సినిమాయు, అటు కంప్యూటరును ఇరుగుపొరుగులయినవి.

ఇప్పుడొక చిన్న నిర్మాణ కార్యాలయమును ఊహించుకొందము. రేపు శుక్రవారము, చిత్రము విడుదల. మూడు వందల థియేటర్ల టిక్కెట్ల పేజీలలోని ఆటవేళలు తమ పట్టికతో సరిపోయినవో లేదో రాత్రికి రాత్రి చూడవలెను. ఆ పని స్క్రిప్టుకు అప్పగించిరి. అది బ్రౌజరును తెరచి ఒక్కొక్క పేజీని చదువుచు పోవును. మొదటి యాభై పేజీలు చకచక సాగును. నూరు దాటిన పిమ్మట అడుగు బరువెక్కును. ఆపై ఎచ్చటనో నిలిచిపోవును. కాపలా ఉన్న కుర్రవాడు కన్నులు నులుముకొని మరల మొదలుపెట్టును. మరల అచ్చటనే ఆగును. ఏదో ఊరిలో ఆటవేళ తప్పుగా పడినదన్న సంగతి తెల్లవారినను ఎవరికిని తెలియదు. పిల్లలతో వచ్చిన కుటుంబము మూసిన తలుపులు చూచి మరలిపోవును.

ఈ జబ్బుకు కారణములు రెండు. అందినదానిని విడువకపోవుట ఒకటి. గ్రుడ్డిగా వేచియుండుట రెండవది. విచిత్రమేమనగా, ఈ రెండింటికిని మందు సినిమా ప్రొజెక్టరు గదిలో ఏనాడో సిద్ధమయినది.

35 మిల్లీమీటర్ల ఫిలిములో అడుగునకు 16 ఫ్రేములు. సెకనుకు 24 చొప్పున నడచినచో నిమిషమునకు 90 అడుగులు పోవును. అయినను ఏ క్షణమునందును దీపము ముందు నిలుచునది ఒక్క ఫ్రేమే. దాని పని తీరగానే యంత్రము దానిని క్రిందికి విడిచి, రెండవదానిని తెచ్చుకొనును. మూడు గంటల చిత్రమయినను యంత్రము మోయునది ఆ ఒక్క ఫ్రేము భారమే.

ఫిలిము బిగిసి తెగకుండ దీపద్వారమునకు పైన, క్రింద కొంత వదులు మడతగా విడుతురు. 1895లో అమెరికాలో వుడ్‌విల్ లేథమ్ బృందము వాడిన ఈ మడతకు లేథమ్ లూప్ అనియే పేరు నిలిచినది. ఆనాటి నైట్రేటు ఫిలిము సులభముగా అంటుకొనునది; దీపము ముందు ఆగినచో మంటయే. కావున యంత్రము వేగము తగ్గగానే దీపమునకు అడ్డుగా ఒక రేకు తనంతట తాను పడునట్లు అమర్చిరి.

ఒక రీలు ముగిసి మరియొకటి అందుకొనునపుడు ఆపరేటరు గడియారము చూచి ఊహపై మీట నొక్కలేదు. రీలు చివర, తెరపై కుడివైపు మూలన, నాలుగు ఫ్రేములపాటు ఒక చుక్క మెరయును. అది కనబడగానే రెండవ యంత్రపు మోటారు నడుపవలెను. సుమారు ఏడు సెకనులకు మరియొక చుక్క మెరయును. అప్పుడు బొమ్మను మార్చవలెను. కాలమును నమ్ముకొనక గుర్తును నమ్ముకొనుటయే ఇందలి మర్మము.

ఇక కంప్యూటరు చరిత్రకు వత్తము. వాడి పారవేసిన జ్ఞాపకస్థలమును యంత్రమే ఏరి తిరిగి వాడుకొను పద్ధతిని జాన్ మెకార్తీ 1960లో ప్రకటించెను. దానినే 'గార్బేజ్ కలెక్షన్' అందురు. ఇంటిలో చెత్త ఊడ్చునట్టిదే. కాని యజమాని పట్టుకొని కూర్చున్న వస్తువును పనిమనిషి ఊడ్చునా? స్క్రిప్టు ఒక పేజీని తన పట్టికలో నిలుపుకొన్నంతకాలము యంత్రము దానిని తొలగింపజాలదు.

2004లో షికాగో నగరమున జేసన్ హగిన్స్ సెలీనియమ్ అను పనిముట్టును నిర్మించెను. మనిషి చేయునట్లే పేజీలపై మీటలు నొక్కుచు వానిని పరీక్షించుటకు అది పుట్టినది. 2008లో వచ్చిన క్రోమ్ బ్రౌజరు పేజీలను వేరువేరు ప్రక్రియలుగా నడుపసాగెను. ఒక పేజీ కూలినను తక్కినవి నిలుచుట లాభము. తెరచిన పేజీలు పెరిగినకొలది జ్ఞాపకస్థలము పెరుగుట నష్టము. వేయి రీలులను ఒకేసారి యంత్రమునకు ఎక్కించినట్లు వేయి పేజీలను తెరచియుంచినచో ఏ కంప్యూటరు మోయగలదు?

కావున మన కుర్రవాడు చేయవలసినది ఇది. పేజీని చదివిన వెంటనే ఆటవేళను ఫైలులో ఒక పంక్తిగా వ్రాసి, పేజీని మూయవలెను. మూడు వందల పేజీల సంగతిని తలకెక్కించుకొని చివర ఒక్కసారి వ్రాయరాదు. బొమ్మలు అక్కరలేనిచోట వానిని దింపుకొనక ఆపవలెను. ఒకేసారి రెండు మూడు పేజీలకు మించి తెరువరాదు. కొన్ని పదుల పేజీలకొకసారి బ్రౌజరునే మూసి క్రొత్తగా తెరువవలెను. సెలీనియమ్‌లో 'క్లోజ్' అన్నది కిటికీని మాత్రమే మూయును. 'క్విట్' అన్నది బ్రౌజరును పూర్తిగా ముగించును. ఈ భేదము తెలియనివారి యంత్రములో, పని ముగిసినను, కనబడని బ్రౌజర్లు స్థలమును తినుచునే యుండును.

వేచియుండుటకును నియమము కలదు. 'పది సెకనులు ఆగుము' అనుట గ్రుడ్డి నిరీక్షణ. పేజీ రెండు సెకనులలో వచ్చినచో ఎనిమిది వ్యర్థము. పన్నెండింటికి వచ్చినచో పని విఫలము. 'ఆటవేళల పట్టిక కనబడువరకు ఆగుము. ముప్పది సెకనులు దాటినచో విడిచి, పేరు వ్రాసికొని ముందునకు పొమ్ము' అనవలెను. మొదటిది రీలు చివరి చుక్క. రెండవది దీపమునకు అడ్డుపడు రేకు. విడిచిన పేర్లను చివర మరల చూచుకొనవచ్చును. ఒక్క ఊరి పేజీ కొరకు తక్కిన ఊళ్లను నిలుపరాదు.

2010 తరువాతి కొలది సంవత్సరములలో మన థియేటర్లలో రీలులు పోయి డిజిటల్ ప్రదర్శన వచ్చినది. చుక్క కొరకు కన్నార్పక చూచిన ఆపరేటర్లు అనేకులు వేరు పనులకు మరలిరి. వారి పేర్లు ఏ చిత్రపు పేర్ల పట్టికలోను పడలేదు. కాని వారు చేతులతో నేర్చినదానినే నేటి కుర్రవాడు అక్షరములలో వ్రాయుచున్నాడు. వారిలో ఎవరైన మీ వీధిలో ఉన్నచో, ఇంటి కంప్యూటరుతో కుస్తీ పట్టు మీ పిల్లవానిని ఒక సాయంకాలము వారికడకు పంపుడు. పట్టుకొనవలసినది ఎంతవరకో, విడువవలసినది ఎప్పుడో వారికి బాగుగా తెలియును.