తెలుగు పాటలో కరెంటు స్వరం

తెలుగు పల్లెల్లో బాగా పాతుకుపోయిన ఎలక్ట్రానిక్ స్వరం నాగిని ట్యూను. మిడుతూరు, నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల్లో పెళ్లి ఊరేగింపు సాగుతుండగా బ్యాండువాళ్లు దాన్ని ఎత్తుకుంటే చాలు, కుర్రాళ్లు రుమాలు నోట కరచుకుని, చేతులతో పడగ పట్టి ఆడతారు. ఆ ట్యూను 1954లో వచ్చిన హిందీ చిత్రం ‘నాగిన్’ లోది. సంగీత దర్శకుడు హేమంత్ కుమార్. అందులో పాములవాడి నాగస్వరంలా వినిపించేది నాగస్వరం కాదు, క్లావియోలిన్ అనే ఎలక్ట్రానిక్ వాద్యం. దాన్ని వాయించింది కళ్యాణ్‌జీ. తర్వాతి కాలంలో కళ్యాణ్‌జీ-ఆనంద్‌జీ జంటలో ఒకరిగా పేరు పొందింది ఆయనే.

క్లావియోలిన్‌ను 1947లో ఫ్రాన్స్‌లో కాన్‌స్టాంట్ మార్టిన్ తయారు చేశారు. అది చిన్న మెట్ల పెట్టె. లోపల వాల్వులు విద్యుత్ కంపనాలను పుట్టిస్తాయి, స్పీకరు వాటిని ధ్వనిగా మారుస్తుంది. ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది. స్వరం రంగు మార్చడానికి ముందువైపు మీటలుంటాయి, ధ్వని పెంచి తగ్గించడానికి మోకాలితో నెట్టే మీట ఒకటి ఉంటుంది. స్వరాన్ని వణికించే ఏర్పాటు కూడా ఉండటంతో అది పాములవాడి ఊదుడుకు దగ్గరగా వచ్చింది. ఆ యంత్రం నాగస్వరాన్ని అనుకరిస్తే, బ్యాండు మేళంలోని క్లారినెట్టు ఆ యంత్రాన్ని అనుకరించింది. కొత్త ధ్వనుల కోసం పుట్టిన యంత్రం మనకు తెలిసిన వాద్యం గొంతుతో ఊళ్లలోకి రావడం ఈ చరిత్రలో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

విద్యుత్తుతో స్వరం పుట్టించే ఈ విద్యకు అప్పటికే దశాబ్దాల వయసుంది. రష్యాకు చెందిన లియోన్ థెరెమిన్ 1920 ప్రాంతంలోనే, తాకకుండా గాలిలో చేతులు కదిపితే పలికే వాద్యాన్ని కనిపెట్టారు. అమెరికాలో రాబర్ట్ మూగ్ 1964లో సింథసైజర్‌కు రూపమిచ్చారు. అందులో స్వరస్థాయిని నిర్ణయించేది వోల్టేజి, ఒక వోల్టు పెరిగితే స్వరం ఒక స్థాయి (ఆక్టేవ్) పైకి వెళ్తుంది. ఆ మూగ్ యంత్రం ఒకటి 1969లో అహ్మదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కు చేరింది. సంగీతకారిణి గీతా సారాభాయ్ చొరవతో అమెరికా స్వరకర్త డేవిడ్ ట్యూడర్ వచ్చి అక్కడ స్టూడియో నెలకొల్పారు. మూడు నాలుగేళ్లు చక్కటి ప్రయోగాలు జరిగాయి. ఆ టేపులు 2023లో గానీ ఆల్బమ్‌గా బయటికి రాలేదు. అంత విలువైన పని నాలుగు గోడల మధ్యే నిలిచిపోవడం బాధాకరం. తెలుగు పాటకు కరెంటు స్వరం వచ్చిన దారి అది కాదు, మద్రాసు సినిమా స్టూడియోల దారి.

ఆ స్టూడియోల్లో గాయకులు, వయొలిన్ల బృందం, తబలా, వేణువు అందరూ కలిసి ఒకేసారి వాయించేవారు. ఒకరి వేలు జారితే అందరూ పల్లవి నుంచి మళ్లీ మొదలుపెట్టాల్సిందే. ఈ ఆర్కెస్ట్రాలోకి కీబోర్డు ఒక మూల వాద్యంగా ప్రవేశించింది. మలయాళ చిత్రాల సంగీత దర్శకుడు ఆర్.కె. శేఖర్ 1976లో కన్నుమూసినప్పుడు, ఆయన సమకూర్చుకున్న వాద్యాలను అద్దెకిచ్చి కుటుంబం ఇల్లు గడుపుకుంది. కొడుకు దిలీప్ పదేళ్లు దాటీ దాటకముందే కీబోర్డు వాయించడానికి స్టూడియోల బాట పట్టాడు. అతడే ఎ.ఆర్. రెహమాన్. తెలుగు సంగీత దర్శకులు రమేష్ నాయుడు దగ్గర, తర్వాత రాజ్-కోటి జంట దగ్గర పనిచేసిన ఆ కీబోర్డు కుర్రాడికి తెలుగు పాటతో బంధం ‘రోజా’ (1992) కన్నా చాలా ముందుది.

1983లో రెండు మార్పులు వచ్చాయి. యమహా డీఎక్స్7 అనే సింథసైజర్ మార్కెట్లోకి దిగింది. వేర్వేరు కంపెనీల వాద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే మిడి పద్ధతి అమల్లోకి వచ్చింది. దీనికి మూలపురుషులైన డేవ్ స్మిత్, ఇకుతారో కకెహాషీలకు 2013లో టెక్నికల్ గ్రామీ దక్కింది. మిడి తీగలో ప్రవహించేది ధ్వని కాదు, ఆదేశం. ఏ మెట్టు నొక్కారో, ఎంత బలంగా నొక్కారో, ఎప్పుడు వదిలారో వంటి వివరాలే అందులో ఉంటాయి. కాబట్టి ఒకసారి వాయించినదాన్ని, ఆదేశాలను వరుసగా గుర్తుపెట్టుకునే సీక్వెన్సర్‌లో దాచి, తప్పు పడ్డ ఒక్క స్వరాన్నే సరిచేయవచ్చు. అదే వరసను వేణువు నుంచి గంటల ధ్వనికి మార్చవచ్చు. ఇళయరాజా 1986లో ‘పున్నగై మన్నన్’ అనే తమిళ చిత్రానికి సీక్వెన్సర్ వాడారు.

తెలుగులో ఈ ధ్వనిని ఇంటింటికీ చేర్చింది రాజ్-కోటి. రాజ్ తండ్రి టి.వి. రాజు, కోటి తండ్రి సాలూరి రాజేశ్వరరావు. ఇద్దరూ పాత మెలొడీ ఇళ్లలో పెరిగి, సంగీత దర్శకుడు చక్రవర్తి బృందంలో పని నేర్చుకున్నవారు. ‘యముడికి మొగుడు’ (1988) పాటల్లో దరువు యంత్రానిదే అయినా పల్లవి నడక మాత్రం తెలుగు చెవికి అలవాటైనదే. ‘హలో బ్రదర్’ (1994) వారికి నంది పురస్కారం తెచ్చింది. కీబోర్డు వాద్యకారుడిగా ఎదిగిన మణిశర్మ తర్వాత సంగీత దర్శకుడయ్యారు. ఒకప్పుడు ఆర్కెస్ట్రాలో మూలన కూర్చున్న కీబోర్డు మనిషే చివరికి పాటకు కర్త అయ్యాడు. ఈ మార్పుకు మూల్యం చెల్లించింది వయొలిన్, సెల్లో బృందాల్లోని పేరు తెలియని కళాకారులు. వారి ఉపాధి కరిగిపోయిన కథను పరిశోధకులు ఇంకా తగినంతగా రాయలేదు.

శాస్త్రీయ సంగీతం అడ్డు చెప్పింది గమకం దగ్గర. హార్మోనియం మెట్ల మధ్య స్వరం జారదు. ఆ కారణంతోనే ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా దాన్ని నిషేధించింది. పాలకొల్లులో 1969లో పుట్టిన యు. శ్రీనివాస్ ఈ చిక్కును ఎలక్ట్రిక్ మాండలిన్‌తో విప్పారు. మామూలు మాండలిన్‌లో తీగలు జంటలుగా ఉంటాయి, వాటిని లాగి గమకం పలికించడం కష్టం. మీటిన నాదం వెంటనే ఆరిపోతుంది. ఆయన ఒంటి తీగలు బిగించి, నాదాన్ని పికప్ ద్వారా ఆంప్లిఫయర్‌కు పంపారు. అలా స్వరం నిలిచింది, కర్ణాటక బాణీకి కావలసినంత జారింది. ఇది సింథసైజర్ కాదు. అయినా విద్యుత్తు చేత రాగం పలికించడంలో ఇంతటి విజయం మరొకటి చెప్పడం కష్టం. సినీ సంగీత దర్శకుడు దేవిశ్రీ ప్రసాద్ ఆయన శిష్యుడే.

శ్రుతి కూడా కరెంటుకు మారింది. బెంగళూరులో ఇంజినీరు, వేణు విద్వాంసుడు జి. రాజ్ నారాయణ్ ఎలక్ట్రానిక్ తంబురాను రూపొందించారు. కచేరీల్లో, భజనల్లో ఆ శ్రుతిపెట్టె పాత తంబురా చోటు తీసుకుంది.

రాయలసీమలో పౌరాణిక పద్యనాటకానికి ప్రాణం హార్మోనిస్టు. నటుడు ఏ రాగంలో ఎంతసేపు సాగదీస్తే అంతసేపు వెన్నంటి ఉండి, పద్యం ముగిసే చోట అందుకుంటాడు. తిరునాళ్లల్లో, నవమి పందిళ్లలో ఇప్పుడు ఆ హార్మోనియం పక్కనే కీబోర్డు, ప్యాడ్ ఉంటున్నాయి. కీబోర్డు ఎడమ అంచున చిన్న చక్రం ఉంటుంది. కుడిచేయి మెట్టు మీద నిలిపి ఎడమచేత్తో దాన్ని కాస్త తిప్పితే స్వరం వంగుతుంది. హార్మోనియానికి చేతకాని జారుడు అలా వస్తుంది. చేయి తిరిగిన వాద్యకారుడు ఆ చక్రంతో పద్యం చివరి రాగాన్ని నటుడి గొంతుకు జతచేస్తాడు. యమహా కంపెనీ తబలా, తంబురా ధ్వనులను, భారతీయ దరువులను పొందుపరిచి ప్రత్యేకంగా భారతదేశం కోసం పీఎస్ఆర్-ఐ శ్రేణి కీబోర్డులను తయారు చేసింది.